కుడివైపు డ్రైవింగ్ డైరీ: గుంటూరు స్విఫ్ట్ నుంచి ఇర్వింగ్ కరోలా దాకా

డ్రైవింగ్ అసలే రానివాళ్ళకి ఇది పనికిరాదు. ఇండియాలో ఏళ్ళ తరబడి బండి నడిపి, ఆ అలవాటు చేతులకీ కాళ్ళకీ పట్టేశాక అమెరికా వచ్చినవాళ్ళ కోసం రాస్తున్నా. నిజానికి ఏమీ రానివాళ్ళు ఇక్కడ తొందరగా నేర్చుకుంటారు. మనం ముందు పాతది (రోడ్డుకి ఎడమవైపు పోవడం, కుడి స్టీరింగ్) వదిలించుకోవాలి కదా, అక్కడే టైమ్ పడుతుంది.

బండి: ఆటోమేటిక్ కరోలా, సైడు అద్దాలు కలపకుండా వెడల్పు 1.78 మీటర్లు.
అక్కడ నడిపింది: మాన్యువల్ స్విఫ్ట్, గుంటూరు నుంచి విజయవాడకి ఉద్యోగానికి.
ఊరు: టెక్సస్‌లో డాలస్ పక్కన ఇర్వింగ్.
కోచ్: మొదట మావారు, తర్వాత మా మరిది. ఎందుకు మారారో రెండో దశలో ఉంది.

లైసెన్సు రూల్సు రాష్ట్రానికో రకం, మీ రాష్ట్రంవి మీరే చూసుకోండి. టెక్సస్‌లో నేను వెళ్ళిన దారి ఇది: రాతపరీక్షలో 30 ప్రశ్నలు, 21 కరెక్టయితే పాస్. ఆ తర్వాత లెర్నర్ లైసెన్సు వస్తుంది, పక్క సీట్లో లైసెన్సు ఉండి 21 ఏళ్ళు నిండినవాళ్ళు కూర్చుంటేనే నడపాలి. రాతపరీక్ష పుస్తకం మాత్రం రెండుసార్లు చదవండి. గీతల రంగుల గురించి అందులో ఉన్నది తర్వాత ప్రాణాలు కాపాడుతుంది.

దశ 0: ఇంజన్ ఆపి ఉన్నప్పుడు

దీన్ని దాటేసి నేరుగా రోడ్డెక్కితే చిన్న చిన్న తడబాట్లన్నీ ట్రాఫిక్‌లో బయటపడతాయి. బండి పార్కింగ్‌లో ఉండగానే కూర్చుని ఏ చెయ్యి ఎటు పోతోందో చూసుకున్నా.

సీటు బెల్టు కోసం కుడి భుజం మీదుగా వెతుకుతాం, అది ఎడమ పక్కన ఉంటుంది. గేరు కోసం ఎడమ చెయ్యి పోయి తలుపుకి కొట్టుకుంటుంది. వెనక అద్దం కోసం కళ్ళు ఎడమకి పైకి పోతాయి, అక్కడ కిటికీ తప్ప ఏమీ ఉండదు, అద్దం కుడివైపు ఉంది. స్విఫ్ట్‌లో ఇండికేటర్ స్టీరింగ్‌కి కుడి పక్కన, ఇక్కడ ఎడమ పక్కన. అందుకే మే నెల ఎండలో వైపర్లు ఆడిస్తూ మలుపు తిరిగే ఇండియన్ డ్రైవర్లు డాలస్ చుట్టుపక్కల చాలామంది కనిపిస్తారు. (ఇండియాలో వోక్స్‌వ్యాగన్, స్కోడా నడిపినవాళ్ళకి ఈ ఒక్క బాధ లేదు, వాటికి అక్కడా ఎడమవైపే.)

అన్నిటికన్నా ప్రమాదం ఎడమ కాలు. క్లచ్ తొక్కే అలవాటుతో అది లేస్తుంది. ఆటోమేటిక్‌లో బ్రేకు పెడల్ వెడల్పుగా ఉంటుంది కాబట్టి కాలు సరిగ్గా దాని మీదే పడుతుంది. క్లచ్ తొక్కినంత బలంగా బ్రేకు తొక్కితే వెనక బండి వాడి గతి ఆలోచించండి.

చేసింది:
1. చెప్పులు మానేసి షూ వేసుకున్నా. ఎడమ మడమని ఎడమవైపు చివర కాలు ఆనించుకునే చోట పెట్టి, అక్కడినుంచి కదపకూడదు అని రూలు.
2. కళ్ళు మూసుకుని బెల్టు, గేరు, ఇండికేటర్, వైపర్, హజార్డ్ లైట్ల స్విచ్ వరసగా ముట్టుకోవడం. తడుముకోకుండా వచ్చేదాకా.
3. ఇండికేటర్ వేసే ముందు "ఎడమ చెయ్యి" అని పైకి అనడం. పిచ్చిగా ఉంటుంది, పనిచేస్తుంది.

లెక్క (ప్రతి దశలో మొదటినుంచి మొత్తం): 0 మైళ్ళు. ఖర్చు 0.

దశ 1: ఖాళీ పార్కింగ్ లాట్

వారం మధ్యలో చర్చిల పార్కింగ్ లాట్లు ఖాళీగా ఉంటాయి, గీతలు శుభ్రంగా ఉంటాయి. వాళ్ళ ఆఫీసులో అడిగి వాడుకున్నాం.

ఇక్కడ బయటపడిన విషయమే మొత్తం ప్రాజెక్టులో ముఖ్యమైనది. నేను అనుకున్నంత కష్టం రోడ్డు పక్క మారడంలో లేదు, సీటు పక్క మారడంలో ఉంది. ఈ రెండూ వేరు వేరు. అమెరికా వాళ్ళ కింద ఉన్న వర్జిన్ ఐలాండ్స్‌లో రోడ్డుకి ఎడమవైపు నడుపుతారు, కానీ కార్లు మాత్రం ఎడమ స్టీరింగ్‌వే. అంటే అమెరికా నుంచి అక్కడికి వెళ్ళేవాళ్ళకి ఒక సమస్యే. మనకి రెండూ ఒకేసారి.

ఏం జరుగుతోందంటే, పక్కన కూర్చున్నవాళ్ళు "కుడికి పోతున్నావ్, కుడికి పోతున్నావ్" అని అరుస్తూనే ఉంటారు, నాకేమో బండి నడిమధ్యలో ఉన్నట్టే ఉంటుంది. వాదన ఎందుకని టేపు తీసుకెళ్ళి కొలిచా.

పార్కింగ్ గడి వెడల్పు 9 అడుగులు, అంటే సుమారు 274 సెంటీమీటర్లు. బండి 178. మిగిలేది 96. సరిగ్గా మధ్యలో పెడితే అటు 48, ఇటు 48 రావాలి. నాకు మధ్యలో ఉందనిపించినప్పుడు ఆపి దిగి కొలిస్తే ఎడమవైపు 75 చుట్టుపక్కల, కుడివైపు 20.

ఎందుకంటే ఏళ్ళ తరబడి నేను బండికి కుడి పక్కన కూర్చున్నా. లేన్‌లో నా శరీరం నడిమధ్యకి కొంచెం కుడిగా ఉంటే "సరిగ్గా ఉన్నా" అని ఒంటికి తెలుస్తుంది. ఇప్పుడు ఎడమ సీట్లో కూర్చున్నా ఒళ్ళు మాత్రం అదే చోటు వెతుక్కుంటుంది, దాంతో బండి మొత్తాన్ని కుడికి లాగేస్తా. సీటు బండి మధ్య నుంచి సుమారు 35 సెంటీమీటర్లు పక్కకి ఉంటుంది. అక్కడ కుడికి 35, ఇక్కడ ఎడమకి 35, మొత్తం తేడా 70. గడిలో గీతలు కళ్ళెదుటే ఉన్నాయి కాబట్టి నా తప్పు అందులో సగం కూడా లేదు. గీతలు దూరంగా ఉండే రోడ్డు మీద పెరుగుతుంది.

దీన్ని రోడ్డు మీద పెట్టి చూడండి. హైవే లేన్ 12 అడుగులు, అంటే 366 సెంటీమీటర్లు, మధ్యలో ఉంటే రెండు పక్కలా 94 చొప్పున ఖాళీ. అందులో 70 కుడికి జరిగితే మిగిలేది 24. ఊళ్ళో 11 అడుగుల లేన్లు ఉన్నచోట అయితే 8 మిగులుతుంది, సైడు అద్దం పక్క లేన్‌లోకి వెళ్ళిపోయినట్టే. పక్క సీట్లో కూర్చున్నవాళ్ళు ఎందుకు తలుపు పట్టుకుని కూర్చుంటారో అప్పుడు అర్థమైంది.

సరిచేసిన తీరు:
1. మొదట "ఎడమకి జరుపుకో" అని నాకు నేను చెప్పుకుంటూ నడిపా. పనిచేయలేదు. పాము నడకలా అటూ ఇటూ ఊగుతుంది బండి.
2. ముందు అద్దం మీద జిగురు టేపు ముక్క అంటించా. బండిని గడిలో కొలిచి సరిగ్గా మధ్యలో పెట్టి, సీట్లో కూర్చుని చూస్తే కుడి గీత బానెట్ మీద ఎక్కడ తగులుతున్నట్టు కనిపిస్తుందో అక్కడ. అది బానెట్ కుడి అంచు దగ్గర ఉంటుందని అనుకుంటాం, కానీ దాదాపు మధ్యకి వస్తుంది. ఇది నమ్మడం కష్టం. దిగి టేపుతో కొలిస్తేనే నమ్మకం కుదురుతుంది.
3. చూపు దూరం పెట్టడం. బానెట్ ముందు గీతనే చూస్తూ ఉంటే బండి ఊగుతుంది, లేన్ దూరంగా వెళ్ళి కలిసే చోటు చూస్తే తనంతట తనే మధ్యకి వస్తుంది.
4. సీటు ఎత్తు, వెనక వాలు మార్చకూడదు. మారిస్తే టేపు చోటు కూడా మారుతుంది. మావారు బండి తీసుకెళ్ళి సీటు వెనక్కి తోసినప్పుడల్లా మళ్ళీ మొదటికే. అందుకని సీటు పట్టాల దగ్గర మార్కర్‌తో గుర్తు పెట్టా.

దశ అయ్యేసరికి గడిలో ఎడమ 52, కుడి 44. దీనికన్నా బాగా చెయ్యక్కర్లేదు.

లెక్క: సుమారు 15 మైళ్ళు, అన్నీ పార్కింగ్ లాట్‌లోనే. ఖర్చు: టేపు, మార్కర్ కలిపి 6 డాలర్లు.

దశ 2: కాలనీ రోడ్లు, కోచ్ మార్పు

కాలనీ రోడ్ల మీద స్పీడు తక్కువ, మామూలుగా గంటకి 30 మైళ్ళు, మన లెక్కలో 48 కిలోమీటర్లు. అందుకని ఇవి సులభం అనుకుంటారు. నా ఉద్దేశంలో మొత్తం ప్రాజెక్టులో అన్నిటికన్నా ప్రమాదం ఇవే. కారణం, ఎదురుగా బండి లేదు, డివైడర్ లేదు, చాలాచోట్ల గీత కూడా లేదు. ట్రాఫిక్‌లో ఎవరూ రాంగ్ సైడు పోరు, ముందు బండి ఎటు పోతే అటు పోతాం. ఖాళీ రోడ్డు మీద దారి చూపించేవాళ్ళు ఉండరు, అప్పుడు పాత అలవాటే స్టీరింగ్ పట్టుకుంటుంది.

తప్పు జరిగే చోట్లు మాకు ఇవి తేలాయి: అపార్ట్‌మెంట్ గేటు బయటికి వచ్చి ఎడమకి తిరిగినప్పుడు, పెట్రోలు బంకు నుంచి బయటికి వచ్చినప్పుడు, యూటర్న్ చేసిన వెంటనే, పక్కకి ఆపి మళ్ళీ బయల్దేరినప్పుడు. అన్నిట్లో ఒకటే పోలిక ఉంది: బండి ఆగి, మళ్ళీ మొదలవుతుంది.

కోచింగ్ సంగతి. మావారు "కుడి! కుడి!" అంటారు. కుడికి తిరగమనా, కుడికి జరగమనా, కుడి లేన్‌లోకి రమ్మనా? నేను తిరిగేస్తా. ఆయన అరుస్తారు. ఇంటికి వచ్చాక ఆ రోజు వంట ఎవరు చేస్తారో కూడా గొడవే. పక్క ఊళ్ళో ఉండే మా మరిదిని అడిగితే వచ్చాడు. అతను వచ్చిన మొదటి పని మాటలు ఖాయం చెయ్యడం:

1. "తిప్పండి" అంటే మలుపు మాత్రమే.
2. "జరగండి" అంటే అదే లేన్‌లో పక్కకి.
3. "మారండి" అంటే లేన్ మార్పు.
4. "ఆపండి" అంటే ఏ ప్రశ్నా అడక్కుండా బ్రేకు.

ఇంకో మార్పు, తప్పు చేస్తే అరవకుండా ప్రశ్న అడుగుతాడు. ఒక పొద్దున్నే గేటు దాటి ఎడమకి తిరిగి ఖాళీ రోడ్డు మీద హాయిగా పోతున్నాం. "వదినా, పసుపు గీత ఎటుంది?" అన్నాడు. చూస్తే నాకు కుడి పక్కన. అంతే, ఇంకేమీ చెప్పలేదు, ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి నెమ్మదిగా ఇవతలికి వచ్చాం.

అక్కడినుంచి ఆ ప్రశ్నే మా పద్ధతి అయింది. అమెరికాలో గీతల రంగులకి గట్టి లెక్క ఉంది: ఎదురు ట్రాఫిక్‌ని విడదీసేది పసుపు గీత, ఒకే దిక్కుకి పోయే లేన్ల మధ్య తెలుపు. డివైడర్ ఉన్న రోడ్డుకి కూడా ఎడమ అంచు పసుపు, కుడి అంచు తెలుపు. అంటే ఎక్కడున్నా సరే, పసుపు నా ఎడమ మోచేతి వైపు ఉండాలి. వన్‌వేలో కూడా. కుడి పక్కన పసుపు కనిపించిందంటే నేను ఉండకూడని చోట ఉన్నా. "కుడివైపు ఉండు" అనే మాటకన్నా ఇది వంద రెట్లు నయం. ఎందుకంటే "కుడివైపు" అన్నది బుర్రతో ఆలోచించుకోవాలి, పసుపు రంగు కంటికి దానంతట అదే కనిపిస్తుంది.

రాత్రి పూట ఇంకో సాయం ఉంది. హైవేల మీద లేన్ల మధ్య మెరిసే బిళ్ళలు సరైన దిక్కున పోతుంటే తెల్లగా మెరుస్తాయి, రాంగ్ దిక్కున వస్తే లైటు పడగానే ఎర్రగా మెరుస్తాయి. ఎర్రగా కనిపిస్తే వెంటనే ఆపేయడమే.

గీతలే లేని రోడ్లకి: ఆపి ఉంచిన బండ్ల మొహాలు చూడండి. నా పక్కన ఆగి ఉన్నవాటి వీపులు కనిపించాలి. డాష్‌బోర్డు మీద పసుపు కాగితం ముక్క ఒకటి, ఎడమ మూలన అంటించుకున్నా, బండి ప్రతిసారి మొదలుపెట్టేముందు దాన్ని వేలితో ముట్టుకోవాలి. మరిది నవ్వాడు కానీ తీసేయమనలేదు.

లెక్క: దాదాపు 70 మైళ్ళు. ఖర్చు 6 డాలర్లే. మిగిలిన తప్పులు: ఎడమ మలుపు, అద్దాలు.

దశ 3: సిగ్నళ్ళు, మలుపులు

కుడి మలుపు చిన్నది, మన ఫ్రీ లెఫ్ట్ లాంటిదే, అద్దంలో చూసినట్టు. ఎర్ర లైటు ఉన్నా బోర్డు వద్దనకపోతే తిరగొచ్చు. కానీ తేడా ఏంటంటే ముందు బండి పూర్తిగా ఆగాలి, చక్రం తిరగకుండా. గుంటూరులో ఫ్రీ లెఫ్ట్‌లో ఎవరు ఆగుతారు చెప్పండి. ఈ "దాదాపు ఆగాను కదా" అన్నదాన్ని మాన్పడానికి చాలా తిప్పలు పడ్డాం. ఆగాక బండి వెనక్కి కొంచెం ఊగుతుంది, ఆ ఊపు ఒంటికి తెలిసేదాకా కదలకూడదు అని పెట్టుకుంటే కుదిరింది.

చూపు కూడా మార్చుకోవాలి. మనకి ముందు కుడికి చూడటం అలవాటు, ఇక్కడ దగ్గరి ప్రమాదం ఎడమ నుంచి వస్తుంది. ఎడమ, ఎదురు, కుడి, మళ్ళీ ఎడమ. రోడ్డు నడిచి దాటేటప్పుడు కూడా ఇదే. నన్నడిగితే బండి ముట్టుకునే ముందే కొన్ని వారాలు నడకలో ఈ వరస అలవాటు చేసుకోవాలి.

ఎడమ మలుపు పెద్దది. మన కుడి మలుపులా ఎదురు ట్రాఫిక్‌ని కోసుకుంటూ వెళ్ళి, అవతలి రోడ్డు పసుపు గీతకి కుడిగా దిగాలి. నా పొరపాటు, మలుపుని ముందే కోసెయ్యడం. అప్పుడు ఎదురుగా సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న బండ్ల ముక్కుల మీదికి పోతాం. మందు: స్టీరింగ్ తిప్పకముందే నేను దిగబోయే లేన్‌ని కళ్ళతో పట్టుకుని "అది" అని చెప్పడం. చెప్పలేకపోతే తిరగకూడదు.

ఇవి కాక:
1. నాలుగు వైపులా స్టాప్ బోర్డు ఉన్న కూడలి. ముందు వచ్చినవాళ్ళు ముందు వెళ్తారు. ఇద్దరూ ఒకేసారి వస్తే కుడి పక్కవాళ్ళు ముందు. హారన్ కొట్టరు, తల ఊపి పోనిస్తారు. మొహమాటపడి అందరికీ దారి ఇస్తూ కూర్చుంటే వెనకవాళ్ళకి చిరాకు.
2. రోడ్డు నడుమ పసుపు గీతల మధ్య ఉండే ఎడమ మలుపు లేన్. అది ఇటువాళ్ళూ అటువాళ్ళూ ఇద్దరూ వాడేది. అందులో ప్రయాణం చెయ్యకూడదు, తిరగడానికే.
3. స్కూలు బస్సు ఎర్ర లైట్లు వేసి ఆగితే రెండు దిక్కులా ఆగాలి. మధ్యలో నిజమైన డివైడర్ ఉంటేనే ఎదురు దిక్కువాళ్ళకి మినహాయింపు. టెక్సస్‌లో నడుమ మలుపు లేన్ మాత్రమే ఉంటే అది డివైడర్ కింద లెక్క కాదు, ఆగాల్సిందే.
4. సైరన్ వినిపిస్తే కుడి అంచుకి వెళ్ళి ఆగడం.

ఒక డ్రైవింగ్ స్కూలు వాళ్ళ దగ్గర రెండు గంటలు డబ్బిచ్చి నేర్చుకున్నా. అక్కడి టీచరు బాగానే చెప్పారు కానీ అన్నీ కొత్తవాళ్ళకి చెప్పేవే, బ్రేకు ఎలా తొక్కాలి అని మొదలు. అలవాటు మార్పిడి గురించి ఆయన దగ్గర ఏమీ లేదు. మీకు మరిదో, తమ్ముడో ఉంటే ఈ డబ్బు మిగుల్చుకోండి.

లెక్క: 200 మైళ్ళ దగ్గర. ఖర్చు 126 డాలర్లు.

దశ 4: 114 హైవే

చిత్రంగా ఇది తేలిక. మధ్యలో గోడ ఉంది, అందరూ ఒకే దిక్కుకి. ఒకటే ఇబ్బంది, అద్దం.

ఇండియా కార్లలో మామూలుగా రెండు పక్కల అద్దాలూ ఉబ్బెత్తువి, ఎక్కువ వెడల్పు చూపిస్తాయి. అమెరికా కార్లలో డ్రైవరు పక్క అద్దం చదునుగా ఉండాలని రూలు, కుడి పక్కదే ఉబ్బెత్తు. అందుకే కుడి అద్దం మీద వస్తువులు కనిపించేదానికన్నా దగ్గరున్నాయని రాసి ఉంటుంది. చదును అద్దంలో దూరం కరెక్టుగా తెలుస్తుంది, కానీ కనిపించే వెడల్పు తక్కువ. ర్యాంపు ఎక్కి హైవేలో కలిసేది ఎడమకే, అంటే సరిగ్గా తక్కువ కనిపించే పక్కకే. అద్దంలో ఖాళీగా కనిపించిన లేన్‌లోంచి పెద్ద పికప్ ట్రక్కు దూసుకొచ్చింది. మరిది "ఆపండి" అనలేదు, స్టీరింగ్ పట్టుకున్నాడు.

మార్చినవి:
1. అద్దం బయటికి తిప్పడం. తల కిటికీకి ఆనించి చూస్తే మన బండి పక్క భాగం కొద్దిగా కనిపించేంత. మామూలుగా కూర్చుంటే మన బండి అసలు కనిపించకూడదు.
2. ఎడమ అద్దం మూలన చిన్న గుండ్రటి ఉబ్బెత్తు అద్దం అంటించడం. జత 7 డాలర్లు.
3. అయినా మెడ తిప్పి ఎడమ భుజం మీదుగా చూడటం. ఇది తప్పదు.

లెక్క: 350 మైళ్ళు. ఖర్చు 133 డాలర్లు.

దశ 5: అలవాటు అయ్యాక

దీని గురించి ఎవరూ చెప్పరు. టెన్షన్ పోయింది, మరిదితో పిచ్చాపాటీ మాట్లాడుకుంటూ నడుపుతున్నా, పసుపు కాగితం ముట్టుకోవడం ఎప్పుడు మానేశానో కూడా తెలీదు. సరిగ్గా అప్పుడు మళ్ళీ వైపర్లు ఆడటం మొదలుపెట్టాయి. సరుకుల షాపు పార్కింగ్‌లో లేన్‌కి ఎడమవైపు పోవడం, పెట్రోలు పోయించుకుని బయటికి వస్తూ కుడికి చూడటం, రెండో దశ తప్పులే.

1967 సెప్టెంబర్ 3న స్వీడన్ దేశమంతా ఎడమ నుంచి కుడికి మారింది. మారిన కొత్తలో అక్కడ ప్రమాదాలు తగ్గాయి, జనం ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిపారు కాబట్టి. తర్వాత మళ్ళీ పాత లెక్కకే వచ్చాయి. దేశానికే అలా అయితే నాకు కాకుండా ఎలా ఉంటుంది.

ఏ పరిస్థితుల్లో తిరగబెడుతోందో రాసుకున్నా: అలసట, తెలుగులో ఫోన్ మాట్లాడుతూ ఉండటం (స్పీకర్‌లో అయినా సరే, ముఖ్యంగా గుంటూరు నుంచి అమ్మ చేస్తే), తెల్లవారుజామున ఖాళీ రోడ్లు, కొత్త పార్కింగ్ లాట్. ఫోన్ అన్నిటికన్నా పెద్దది. మాట అక్కడి ఊళ్ళో ఉంటే చేతులు కూడా అక్కడికే పోతాయి, నాకు తోచిన కారణం అదే. అందుకని బండిలో ఇంటి ఫోన్లు పూర్తిగా బంద్ చేశా. పసుపు కాగితం వెలిసిపోయింది, కొత్తది వేశా, ఈసారి స్టీరింగ్ మధ్యలో, చూడకుండా ఉండలేని చోట.

లెక్క: 600 మైళ్ళు దాటింది. ఖర్చు మారలేదు.

దశ 6: రోడ్ టెస్టు

టెస్టుకి ముందు రాష్ట్రం వాళ్ళ గంట వీడియో కోర్సు ఒకటి చూడాలి, ఉచితం, సర్టిఫికెట్ 90 రోజులే చెల్లుతుంది, తొందరపడి ముందే చూసేయకండి. మన బండే తీసుకెళ్ళాలి, ఇన్సూరెన్సు కాగితాలు సహా. టేపు ముక్క, పసుపు కాగితం ముందు రోజే పీకేశా. ప్యారలల్ పార్కింగ్‌లో (రోడ్డు అంచు వెంబడి బండి పెట్టడం) మార్కులు పోయాయి, పూర్తిగా ఆగడంలో ఒక్కటీ పోలేదు. పాస్. లైసెన్సు ఫీజు 33 డాలర్లు.

లెక్క: మొత్తం ఖర్చు 166 డాలర్లు, అందులో 120 డ్రైవింగ్ స్కూలుకే.

ఇంకా మిగిలినవి

ప్యారలల్ పార్కింగ్ ఇప్పటికీ గడిలో పెట్టినంత బాగా రాదు, టేపు పట్టుకుని మళ్ళీ చర్చి లాట్‌కి పోవాలి. సంక్రాంతికి గుంటూరు వెళ్తున్నాం, అక్కడ స్విఫ్ట్ ఇంకా ఉంది. ఇదంతా తిరగేసి చెయ్యాలి, కాకపోతే అక్కడ పసుపు గీత లెక్క పనికిరాదు, ఎక్కడ ఏ రంగు వేస్తారో చెప్పలేం. ప్రస్తుతానికి ప్లాన్ ఇది:

1. దిగిన రోజు, మర్నాడు నడపకూడదు. నిద్ర తేడా ఉన్నప్పుడు అసలే వద్దు.
2. ముందు ఆపి ఉన్న బండిలో దశ 0 మొత్తం, ఈసారి ఎడమ కాలిని నిద్ర లేపడానికి.
3. గడిలో పెట్టి కొలవడం. బండి ఎడమకి లాగుతుందని నా అంచనా. ఎంతో ఇక్కడ రాస్తా.
4. మొదటిసారి రోడ్డెక్కేది ట్రాఫిక్ ఉన్న టైములోనే, తెల్లవారుజామున కాదు. మావారు వెనక సీట్లో.